అల్లాయ్ వీల్స్ బాగున్నాయి సరే, మీ కారుకి కూర్చుంటాయా?

మూడేళ్ల క్రితం నా స్విఫ్ట్‌కి సెకండ్ హ్యాండ్‌లో 15 అంగుళాల అల్లాయ్‌లు వేయించాను. షాపులో కారుని జాకీ మీద లేపి, నాలుగూ బిగించి, ఒకదాన్ని చేత్తో గిర్రున తిప్పి చూపించి "పర్ఫెక్ట్ ఫిట్టింగ్ సార్" అన్నాడు. చూడ్డానికి నిజంగానే అదిరిపోయింది. గుంటూరు దాటి హైవే ఎక్కి ఎనభై తాకేసరికి స్టీరింగ్ వణకడం మొదలైంది, తొంభైకి వెళ్తే డ్యాష్‌బోర్డు మీద వినాయకుడు కూడా ఊగుతున్నాడు. వెనక్కి తీసుకెళ్లి బ్యాలెన్సింగ్ చేయించా, తగ్గలేదు. ఇంకో చోట మళ్లీ చేయించా, పనిలో పనిగా అలైన్‌మెంట్ కూడా. అయినా తగ్గలేదు. చివరికి మంగళగిరిలో ఒక పెద్దాయన మెషిన్ జోలికి వెళ్లకుండా చక్రం మధ్యలో ఉన్న క్యాప్ పీకి, టార్చ్ వేసి "చూడు బాబూ" అని చూపించాడు. రిమ్ము మధ్య రంధ్రానికీ కారు హబ్బుకీ (చక్రం ఎక్కి కూర్చునే మధ్య గుబ్బకి) నడుమ చుట్టూ దాదాపు సెంటీమీటరు ఖాళీ! అంటే చక్రం హబ్బు మీద కూర్చోలేదు, ఉత్త నాలుగు నట్ల మీద వేలాడుతోంది. నాలుగు ప్లాస్టిక్ రింగులు తెప్పించి వేశాడు, వణుకు ఆగిపోయింది. రెండు బ్యాలెన్సింగ్‌ల డబ్బుతో పోలిస్తే ఆ రింగుల ఖర్చు ఒక లెక్కే కాదు.

ఆ రోజు నాకు అర్థమైంది ఏంటంటే, చాలా షాపుల్లో నట్టు పడితే ఫిట్ అయినట్టే. మన లెక్క అది కాకూడదు. షాపుకి వెళ్లేముందే మన కారు కొలతలు ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకుంటే, అక్కడ వాళ్లు చూపించేదాన్ని ఆ చీటీతో పోల్చి చూడొచ్చు. లేకపోతే వాళ్ల దగ్గర ఏం స్టాకు ఉందో అదే మన కారుకి "బెస్ట్ సైజు" అవుతుంది. ఆ చీటీ మీద ఏమేం ఉండాలో, ఎందుకు ఉండాలో చెప్తాను. ఉదాహరణకి నా 2018 మోడల్ స్విఫ్ట్‌నే తీసుకుంటాను, ఎందుకంటే మన రోడ్ల మీద పది కార్లు పోతే అందులో ఒకటి అదే ఉంటుంది.

ముందు డ్రైవర్ డోరు తెరవండి. డోరు మూసుకునే చోట స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, అందులో కంపెనీ ఇచ్చిన టైరు సైజు, గాలి ఎంత పెట్టాలో ఉంటాయి. ఇప్పుడు కారుకి ఉన్న టైరు మీద సైజు చూసి రాసుకోకండి, పాత ఓనరు ఏం మార్చాడో మీకు తెలియదు. స్టిక్కర్ చెరిగిపోతే కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. స్విఫ్ట్‌లో కింది వేరియంట్లకి 165/80 ఆర్14, పై వేరియంట్‌కి 185/65 ఆర్15 ఇచ్చారు. ఇక్కడే సగం పని అయిపోతుంది, అదెలాగో తర్వాత చెప్తా.

ఆ అంకెల అర్థం చాలామందికి సగమే తెలుసు. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే మిల్లీమీటర్లు కాదు, శాతం. సైడ్ వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు వెడల్పులో 65 శాతం అని, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఒకే సైజులో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు మూడూ కలిపి ఎవరు పెట్టారో గానీ, లెక్క మాత్రం చిన్నదే: రిమ్ము అంగుళాలని 25.4తో గుణించండి, దానికి సైడ్ వాల్ ఎత్తు రెండుసార్లు కలపండి (పైన ఒకటి, కింద ఒకటి). 185/65 ఆర్15 అయితే 381కి 240.5 కలిపితే 621.5 మిల్లీమీటర్లు. 165/80 ఆర్14 అయితే 355.6కి 264 కలిపితే 619.6. చూశారుగా, రిమ్ము ఒక అంగుళం పెరిగింది, మొత్తం చక్రం మాత్రం రెండు మిల్లీమీటర్లు కూడా పెరగలేదు. కంపెనీ వాడు చేసేది ఇదే. రిమ్ము పెరిగితే సైడ్ వాల్ తగ్గాలి, మొత్తం ఎత్తు మారకూడదు.

ఎందుకు మారకూడదు అంటే, స్పీడోమీటర్ చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి వేగం చెప్తుంది తప్ప టైరు సైజు దానికి తెలియదు. టైరు నాలుగు శాతం పెద్దదైతే మీటరు చూపేదానికంటే అసలు వేగం నాలుగు శాతం ఎక్కువ ఉంటుంది. ఏబీఎస్, గేర్ లెక్కలు, బ్రేకు పట్టు అన్నీ ఆ ఎత్తుని నమ్ముకునే తయారుచేసినవి. మామూలుగా మూడు శాతం లోపు తేడా అయితే ఇబ్బంది ఉండదంటారు, నేనైతే రెండు దాటను.

మా బావమరిది దాటాడు. అదే స్విఫ్ట్‌కి "కొంచెం ఎత్తు కావాలి బావా, స్పీడ్ బ్రేకర్లకి కింద తగులుతోంది" అని 205/65 ఆర్15 వేయించాడు. లెక్క వేయండి: 381కి 266.5 కలిపితే 647.5, అసలు దానికంటే 26 మిల్లీమీటర్లు ఎక్కువ, నాలుగు శాతం పైన. ఒక్కడే తిరిగినంత కాలం ఏమీ తెలియలేదు. పెళ్లికని ఐదుగురం ఎక్కి, డిక్కీ నిండా సామాన్లు వేసుకుని బయల్దేరాం. మొదటి స్పీడ్ బ్రేకర్ దిగగానే వెనక నుంచి గర్రుమని చప్పుడు. కారు బరువుకి కిందికి దిగితే టైరు పైన మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్‌ని రాస్తోంది. ఊరు చేరేసరికి ఆ ప్లాస్టిక్ ఒక చోట చిల్లు పడింది. పైగా వారం వారం మైలేజీ పడిపోయిందని గోల. కొంత నిజంగా పడిపోయింది, కొంత మీటరు కిలోమీటర్లు తక్కువ చూపించడం వల్ల అలా అనిపించింది, అది మాత్రం ఎంత చెప్పినా వినలేదు.

ఎత్తు సరిపోయిందా అని షాపులో ఖాళీ కారుతో చూస్తే తెలియదు. స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పి చూడాలి, వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి గుంత ఉన్న సందులో ఒక రౌండు వేయాలి. షాపు కుర్రాళ్లనే కూర్చోమనండి, వాళ్లకీ సరదా.

వెడల్పు గురించి రెండు మాటలు. వెడల్పు టైరు చూడ్డానికి బాగుంటుంది, పొడి రోడ్డు మీద పట్టు కూడా పెరుగుతుంది. కానీ స్టీరింగ్ బరువెక్కుతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది, వానాకాలంలో రోడ్డు మీద నిలిచిన నీళ్లలోకి వేగంగా వెళ్తే వెడల్పు టైరు నీటి మీద తేలే అవకాశం ఎక్కువ. అంతేకాదు, ప్రతి టైరు సైజుకీ సరిపోయే రిమ్ము వెడల్పులు కొన్నే ఉంటాయి. 185/65 ఆర్15కి 5 నుంచి 6.5 అంగుళాల వెడల్పు రిమ్ము దాకా సరే. సన్న రిమ్ముకి వెడల్పు టైరు ఎక్కిస్తే బెలూన్‌లా ఉబ్బి మలుపుల్లో ఊగుతుంది, వెడల్పు రిమ్ముకి సన్న టైరు లాగి ఎక్కిస్తే రిమ్ము అంచు బయటికి వచ్చి మొదటి ఫుట్‌పాత్‌కే గీసుకుపోతుంది.

సైజు తర్వాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి, 88 ఎస్ అనో 87 వి అనో. వీటిని షాపువాడు చెప్పడు, మనం అడగం. అంకె ఒక్కో టైరు ఎంత బరువు మోయగలదో చెప్తుంది: 82 అంటే 475 కిలోలు, 85 అంటే 515, 88 అంటే 560. అక్షరం గరిష్ఠ వేగం: ఎస్ అయితే గంటకి 180 కిలోమీటర్లు, టి 190, హెచ్ 210, వి 240. మనమెవరం 180లో పోము కదా అనుకోవచ్చు, కానీ ఆ అక్షరం వేడిని తట్టుకోవడం గురించి కూడా చెప్తుంది, మే నెల మధ్యాహ్నం పల్నాడు రోడ్ల మీద ఆ మాట పనికొస్తుంది. అంకె గానీ అక్షరం గానీ కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకూడదు. పెరిగితే పరవాలేదు. సైజు సరిపోయి ధర తక్కువ ఉన్న టైరు దొరికిందంటే ముందు ఈ రెండూ చూడండి, తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి, రిమ్ములు.

టైరు మాత్రమే మార్చేవాళ్లు ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లొచ్చు. అల్లాయ్‌లు వేయించేవాళ్లు మాత్రం చీటీ మీద ఇంకో ఐదు విషయాలు రాసుకోవాలి: పీసీడీ, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్, రిమ్ము వెడల్పు, నట్లు.

పీసీడీ అంటే నట్ల రంధ్రాల మధ్యలోంచి ఒక వృత్తం గీస్తే దాని వ్యాసం. స్విఫ్ట్‌కి 4×100, అంటే నాలుగు నట్లు, 100 మిల్లీమీటర్లు. నాలుగు నట్లవాటికి ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకి కొలిస్తే చాలు. ఐదు నట్లవాటికి ఎదురుగా రంధ్రం ఉండదు కాబట్టి పక్కపక్కన ఉన్న రెండు రంధ్రాల మధ్య దూరం కొలిచి 1.7తో గుణించండి. క్రెటాకి 5×114.3, దానికి పక్క రంధ్రాల మధ్య దాదాపు 67 మిల్లీమీటర్లు వస్తుంది. ఇక్కడ పెద్ద మోసం ఒకటుంది. కొన్ని ఫియట్ కార్లకి 4×98. రెండు మిల్లీమీటర్ల తేడానే కాబట్టి 4×100 అల్లాయ్ దానికి తోస్తే ఎక్కేస్తుంది, బోల్టులు కూడా బిగుస్తాయి, కానీ బోల్టు దాని గుంటలో నిటారుగా కూర్చోక వంకరగా నొక్కుతూ ఉంటుంది. నడుస్తూ నడుస్తూ బోల్టులు వదులవుతాయి, లేదా అలసిపోయి తెగుతాయి. "ఎక్కింది కదా సార్" అనే మాట ఇలాంటి చోట నమ్మొద్దు. కొన్ని అల్లాయ్‌లకి ఎనిమిది రంధ్రాలు ఉంటాయి, రెండు పీసీడీలకి పనికొచ్చేలా. అవి తప్పేం కాదు, చూడ్డానికి నాకు నచ్చవు, అంతే.

మధ్య రంధ్రం కథ మొదట్లోనే చెప్పేశాను. స్విఫ్ట్ హబ్బు 54.1 మిల్లీమీటర్లు. హ్యుందాయ్ ఐ20కి కూడా అంతే, హోండా సిటీకి 56.1. కంపెనీ రిమ్ములకి రంధ్రం సరిగ్గా హబ్బు సైజుకి ఉంటుంది, అందుకే చక్రం తనంతట తాను మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. బయట దొరికే అల్లాయ్‌లు రకరకాల కార్లకి అమ్మాలి కాబట్టి చాలావాటికి రంధ్రం పెద్దగా, 73.1 దాకా పెట్టి వదిలేస్తారు. ఆ ఖాళీ నింపడానికి రింగులు వస్తాయి, బయటి కొలత రిమ్ముకీ లోపలి కొలత హబ్బుకీ సరిపోవాలి. "73.1 నుంచి 54.1" అని అడగండి, ఊరికే "రింగు" అంటే ఏదో ఒకటి ఇస్తాడు. ప్లాస్టిక్‌వి చాలు, తుప్పుతో అంటుకోవు. రంధ్రం హబ్బు కంటే చిన్నదైతే మాత్రం ఆ రిమ్ము మీది కాదు. లేత్ దగ్గర పెద్దది చేయిస్తానంటాడు, వద్దని లేచి వచ్చేయండి.

ఆఫ్‌సెట్ గురించి కాస్త ఓపిగ్గా చదవండి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. రిమ్ముని వెడల్పులో సరిగ్గా సగానికి కోసినట్టు ఊహించుకోండి. ఆ మధ్య గీత నుంచి, రిమ్ము హబ్బుకి ఆనుకునే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. రిమ్ము వెనక "ఈటీ45" అని పోత పోసి ఉంటుంది. ఈటీ ఎక్కువైతే చక్రం లోపలికి పోతుంది, తక్కువైతే బయటికి వస్తుంది. ఇది ఒక్కటే చూస్తే సరిపోదు, వెడల్పుతో కలిపి చూడాలి. ఉదాహరణకి మీ పాత రిమ్ము 5.5 అంగుళాలు, ఈటీ45 అనుకుందాం. కొత్తది 7 అంగుళాలు, ఈటీ35. వెడల్పు ఒకటిన్నర అంగుళాలు, అంటే 38 మిల్లీమీటర్లు పెరిగింది, అందులో సగం 19 బయటికి, 19 లోపలికి. ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం 10 బయటికి జరిగింది. కలిపితే బయటి అంచు 29 మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు 9 మిల్లీమీటర్లు లోపలికి. దాదాపు మూడు సెంటీమీటర్లు బయటికి! అలాంటి కారు వెనక నుంచి చూస్తే కప్ప కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు ఉంటుంది. అందం సంగతి వదిలేయండి, బురదంతా డోర్ల మీదికి ఎగజిమ్ముతుంది, వీల్ బేరింగ్ మీద భారం మారి తొందరగా మోగడం మొదలుపెడుతుంది, గుంతల్లో స్టీరింగ్ చేతిలోంచి లాగేస్తుంది. అదే కొత్తది 6 అంగుళాలు, ఈటీ40 అయితే బయటికి 11, లోపలికి ఒకటి. ఇది చల్తా.

కొనేముందు ఈ లెక్క ఫోన్‌లో వేసుకుని, తర్వాత ఇంటి దగ్గర ఒక స్కేలు తీసుకుని టైరు బయటి అంచు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా, లోపలి వైపు టైరుకీ సస్పెన్షన్ స్ట్రట్‌కీ (నిలువుగా ఉండే షాకబ్జార్బర్ గొట్టానికి) మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. లోపలి వైపు చెయ్యి దూరకపోతే ఒక కొవ్వొత్తి ముక్క లాంటిది దూర్చి చూసినా చాలు. రిమ్ము చువ్వల వెనక భాగం బ్రేకు కాలిపర్‌కి (బ్రేకు డిస్కుని పట్టుకునే భాగానికి) తగలకూడదు కూడా. చిన్న కారులోంచి తీసిన 14 అంగుళాల రిమ్ము పెద్ద బ్రేకులున్న కారుకి కొన్నిసార్లు ఇందుకే పనికిరాదు.

ఆఫ్‌సెట్ సరిపోలేదని స్పేసర్లు (రిమ్ముకీ హబ్బుకీ మధ్య పెట్టే బిళ్లలు) వేస్తామంటారు. స్పేసర్ ఎంత మందం ఉంటే బోల్టు మీద నట్టుకి అంత దారం తగ్గుతుంది. నట్టు కనీసం బోల్టు మందం అంత లోతు దారం పట్టుకోవాలి, అంటే 12 మిల్లీమీటర్ల బోల్టు మీద ఎనిమిది నుంచి పది పూర్తి చుట్లు తిరగాలి. మూడు చుట్లకే బిగుసుకుంటే అది బిగించినట్టు కాదు, వేలాడదీసినట్టు.

నట్ల సంగతికి వస్తే, మారుతి కార్లకి ఎం12×1.25 దారం, హ్యుందాయ్‌కి ఎం12×1.5. 12 అంటే లావు, రెండో అంకె దారం చుట్ల మధ్య దూరం, రెండూ మిల్లీమీటర్లలోనే. లావు ఒకటే, దారం మాత్రం వేరు. ఒకదాని నట్టు ఇంకోదానికి పెడితే ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుస్తుంది, అక్కడ కుర్రాడు ఎయిర్ గన్ పెట్టి టర్రుమనిపిస్తే దారం మొత్తం పోతుంది. అందుకని కొత్త నట్లని మొదట చేత్తో తిప్పమనండి. చేత్తో సాఫీగా సగం దాకా వెళ్తేనే గన్ పట్టుకోవాలి. నట్టు తల కింది ఆకారం కూడా చూడాలి: చాలా అల్లాయ్‌లకి శంఖువు ఆకారం నట్లు, హోండా కంపెనీ రిమ్ములకి మాత్రం గుండ్రటి అడుగు ఉన్నవి. హోండా కారుకి బయటి అల్లాయ్‌లు వేసి పాత నట్లే బిగిస్తే, నట్టు గుంటలో సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది.

ఇంత తలనొప్పి ఎందుకు, సులువైన దారి లేదా అంటే ఉంది. మీ కారు మోడల్‌లోనే పై వేరియంట్ కంపెనీ అల్లాయ్‌లు తెచ్చి వేసుకోవడం. స్విఫ్ట్‌కి కంపెనీయే రెండు సైజులు ఇచ్చిందన్నానే, అందుకే సగం పని అయిపోతుందన్నాను. స్విఫ్ట్ కింది వేరియంట్‌కి పై వేరియంట్ 15 అంగుళాల అల్లాయ్, 185/65 టైరు వేస్తే పీసీడీ, రంధ్రం, ఆఫ్‌సెట్, నట్ల గోల ఏదీ ఉండదు. ఒకసారి చేతులు కాల్చుకున్నాను కాబట్టి ఇప్పుడు ఎవరడిగినా ముందు ఇదే చెప్తాను. చట్టపరంగా కూడా ఇదే భద్రం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అల్లాయ్‌లు బయటివైనా కంపెనీవైనా ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే రాతపూర్వకంగా చెప్పి పాలసీలో ఎక్కించుకోండి, క్లెయిమ్ రోజు సర్వేయర్‌తో వాదించడం కంటే ఇది చాలా తేలిక.

ఎంత పెద్ద రిమ్ము దాకా వెళ్లొచ్చు అని అడుగుతుంటారు. స్విఫ్ట్‌కి 195/55 ఆర్16 లెక్క ప్రకారం సరిపోతుంది, 621 మిల్లీమీటర్లే వస్తుంది. కానీ సైడ్ వాల్ 107 మిల్లీమీటర్లకి దిగుతుంది, 14 అంగుళాల టైరుకి అది 132. ఆ పాతిక మిల్లీమీటర్ల రబ్బరే గుంతలో దెబ్బని తినేది. అది తగ్గితే దెబ్బ రిమ్ముకి, రిమ్ము నుంచి మన నడుముకి చేరుతుంది. స్టీల్ రిమ్ము వంగితే సుత్తితో సరిచేస్తారు, అల్లాయ్ అయితే పగిలే అవకాశం ఎక్కువ. హైవే మీదే తిరిగేవాళ్లు 16కి వెళ్లండి, పల్లెటూరి రోడ్లూ మెట్రో కోసమో కేబుల్ కోసమో తవ్వి వదిలేసిన సిటీ రోడ్లూ అయితే 15 దగ్గర ఆగండి. 17 అంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

సెకండ్ హ్యాండ్ అల్లాయ్‌లు చూసేటప్పుడు ముందు వైపు కాదు, వెనక వైపు చూడండి. ముందు వైపు పెయింట్ వేసి మెరిపిస్తారు. వెనక వైపు వెల్డింగ్ చేసిన గుర్తు, లోపలి గొట్టం భాగంలో మాత్రమే కొత్త పెయింట్, అంచు మీద గ్రైండింగ్ గీతలు కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. వెల్డింగ్ పెట్టిన అల్లాయ్ 100లో ఏమవుతుందో తెలుసుకోవాలనే కుతూహలం నాకైతే లేదు. టైరు లేకుండా ఉత్త రిమ్ముని బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పించండి, అంచు పక్కన స్క్రూడ్రైవర్ మొన పెట్టి చూస్తే సొట్ట ఉన్న చోట దూరం మారుతూ కనిపిస్తుంది. జపాన్ ప్రమాణానికి గుర్తుగా జేడబ్ల్యూఎల్ అని కొన్నిటి మీద ఉంటుంది, గరిష్ఠ బరువు ఎంతో కూడా పోత పోసి ఉంటుంది. ఏ ముద్రా లేని రిమ్ము అంటే ఎవరూ బాధ్యత తీసుకోని రిమ్ము.

టైరు కొత్తదే అయినా పుట్టిన తేదీ అడగండి. డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు: 2324 అంటే 2024లో 23వ వారం, అంటే జూన్. చాలా టైర్లకి ఇది ఒక వైపే ఉంటుంది, కనిపించకపోతే తిప్పించి చూడండి. ఏడాది లోపు అయితే హాయిగా తీసుకోండి, రెండేళ్లు దాటితే ఇంకోటి తెమ్మనండి. ఐఎస్ఐ ముద్ర, దాని పైన ఐఎస్ 15633 నంబరు ఉండాలి. టైర్లు మార్చాల్సిన సమయం వచ్చిందా అనే అనుమానం ఉంటే గాడుల మధ్య అడ్డంగా చిన్న గట్లు కనిపిస్తాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు, రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. గుండయ్యే దాకా ఆగకండి, వానాకాలం ముందే మార్చేయండి.

డబ్బు తక్కువై రెండే మార్చేవాళ్లు కొత్తవి వెనక వేయించుకోండి. ముందు చక్రాలే కదా లాగేది, తిప్పేది, మరి కొత్తవి వెనకెందుకు అని ప్రతి షాపులోనూ వాదన వస్తుంది. తడి రోడ్డు మీద ముందు టైరు జారితే కారు నిటారుగా పోతుంది, కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనక టైరు జారితే కారు బొంగరంలా తిరుగుతుంది, మామూలు డ్రైవర్ చేతిలో ఇక ఏమీ ఉండదు. ఒకే ఇరుసు మీద రెండు రకాల టైర్లు మాత్రం ఎప్పుడూ వద్దు.

బిగించే రోజు దగ్గరుండండి, టీకి వెళ్లకండి. ప్రతి చక్రం బిగించే ముందు హబ్బు ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో తోమమనండి. టైరు మీద బాణం గుర్తు ఉంటే అది ముందుకు తిరిగే దిక్కు చూపాలి, 'అవుట్‌సైడ్' అని ఇంగ్లీషులో రాసి ఉంటే ఆ వైపు బయటికి ఉండాలి. రబ్బరు వాల్వులు కొత్తవి వేయించండి. గాలి ప్రెషర్ చెప్పే సెన్సార్లు ఉన్న కారైతే అవి పాత రిమ్ముల్లోనే ఉండిపోకుండా చూసుకోండి. నట్లని ఎదురెదురుగా బిగించాలి, చక్రం నేలకి దింపాక చివరి బిగింపు పుస్తకంలో చెప్పిన టార్క్‌కి, టార్క్ రెంచ్‌తో చేయాలి. రెంచ్ లేకపోతే కనీసం చేతి పానాతో బిగించమనండి, గన్‌తో మూలిగేదాకా బిగించిన నట్టు రాత్రిపూట రోడ్డు పక్కన పంక్చర్ అయినప్పుడు మీ చేతికి రాదు. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్లీ ఒకసారి బిగించి చూడాలి, కొత్త అల్లాయ్‌లకి ఇది తప్పనిసరి. ఆ తర్వాత అలైన్‌మెంట్. గాలి పొద్దున్నే చల్లటి టైరుకి చూసుకోండి, ఎండలో నడిచి వచ్చిన టైరులో మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తే ఎక్కువైందని తీసేయకండి.

ఇంటికి వచ్చాక ఒక పని మిగులుతుంది, దాదాపు అందరూ మర్చిపోయేది. స్టెప్నీ ఇంకా పాత స్టీల్ రిమ్మే. అల్లాయ్ కోసం కొన్న కొత్త నట్లు దానికి సరిగ్గా పడతాయో లేదో ఇంటి ముందే, పగలే, ఒకసారి ఎక్కించి చూడండి. పడకపోతే పాత నట్లు నాలుగూ ఒక గుడ్డలో మూటకట్టి, అల్లాయ్ నట్లకి పట్టే పానాతో కలిపి స్టెప్నీ గుంటలో పెట్టేయండి.